పట్టా ఎవరి పేర ఉంది?

(దొరల కాలం నుంచి నేటి దాకా తెలంగాణ స్త్రీల స్థితిగతులపై ఉద్యోగులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణలో స్త్రీల చరిత్ర గురించి మాట్లాడమంటే మైకు అందుకున్న ప్రతి ఒక్కరం మూడు పేర్లు చెప్తాం. రాణి రుద్రమ. సమ్మక్క సారలమ్మ. చాకలి ఐలమ్మ. సభలో చప్పట్లు మోగుతాయి. మనం మైకు పక్కవారికి ఇచ్చి కూర్చుంటాం. ఆ మూడు పేర్లు చెప్పుకోవలసినవే. కానీ ఇంత గొప్ప స్త్రీలను కన్న గడ్డ మీద మిగతా ఆడవాళ్లు ఎట్ల బతికారు? వాళ్ల చెమటకు లెక్క ఏ దస్త్రంలో ఉంది? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మన గొంతు తగ్గిపోతుంది.

మన సమాజంలో మనిషి విలువను తేల్చింది భూమి. భూమి ఉన్నవాడు పటేల్, పట్వారీ, దేశ్‌ముఖ్, దొర. లేనివాడు బాంచెన్. మరి ఆ భూమి ఆడదాని పేర ఎన్నడైనా ఉందా? స్త్రీ స్థితిని దేవతల కథల్లో వెతికితే దొరకదు. పహాణీలో వెతకాలె. ఇయ్యాల నేను చెప్పదలుచుకున్నది ఆ ఒక్క ముచ్చటే.

రాణికి మగ పేరు

రుద్రమ నుంచే మొదలు పెడదాం. కాకతీయ గణపతిదేవుడికి కొడుకులు లేరు. బిడ్డ రుద్రమ 1262 ప్రాంతం నుంచి 1289 దాకా ఓరుగల్లు రాజ్యాన్ని ఏలింది. సామంతుల తిరుగుబాట్లను అణచింది, దేవగిరి యాదవులను ఎదిరించింది. అయితే శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని రాశారు. సింహాసనం మీద ఆడమనిషి కూర్చున్నా రాతలో మగ పేరు ఉండాల్సి వచ్చింది. ఆమె తర్వాత రాజ్యం బిడ్డలకు పోలేదు, బిడ్డ ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడికి పోయింది. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం బయటపడే దాకా ఆ రాణి ఎప్పుడు చనిపోయిందో కూడా రూఢిగా తెలియదు.

బయ్యారం చెరువును గణపతిదేవుడి తోబుట్టువు మైలమ తవ్వించింది. ఆ సంగతి శాసనం చెప్తుంది. రాజుల ఇంటి ఆడవాళ్ల చేతిలో సంపద ఉంది, దానాలు చేసే అధికారం ఉంది. కానీ తట్ట నెత్తిన పెట్టుకొని ఆ చెరువు కట్టకు మట్టి మోసిన ఆడవాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు. ఒక్క రాణి ఏలినంత మాత్రాన ఆడవాళ్ల రాజ్యం రాదు. అది కుటుంబంలో మగవాడు లేనప్పుడు దొరికిన వెసులుబాటు మాత్రమే. మగవాడు దొరకంగనే ఆ దారి మూసుకుపోయింది.

గడీ ఎట్ల నడిచింది?

ఇక మన తాతల కాలానికి వద్దాం. నిజాం రాజ్యంలో భూమి మూడు తీర్లుగా ఉండేది. సర్కారు కింద ఉన్న దివానీ భూములు, జాగీర్లు, నిజాం సొంత ఖర్చుకు ఉన్న సర్ఫేఖాస్. మొదట దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు సర్కారుకు శిస్తు వసూలు చేసి పెట్టేవారు. సాలార్‌జంగ్ సంస్కరణలతో వసూలు పని సర్కారు ఉద్యోగుల చేతికి పోయింది. దేశ్‌ముఖ్‌లకు నష్టపరిహారంగా రుసుములు దక్కాయి. దస్త్రాలు తమ మనుషుల చేతిలోనే ఉన్నాయి కాబట్టి మంచి భూములన్నీ తమ పేర రాయించుకున్నారు. పుచ్చలపల్లి సుందరయ్య రాసిన సాయుధ పోరాట చరిత్ర ప్రకారం విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబం కింద లక్షన్నర ఎకరాలు ఉండేవి.

అంత భూమిని ఒక కుటుంబం ఎట్ల దున్నుతుంది? ఇక్కడే వెట్టి వచ్చింది. కులానికో వెట్టి. కుమ్మరి కుండలు ఇయ్యాలె, చాకలి బట్టలు ఉతకాలె, మాదిగ చెప్పులు కుట్టాలె, గొల్లలు గొర్రెలు ఇయ్యాలె. పుస్తకాల్లో వెట్టి గురించి రాసినప్పుడు ఎక్కువగా మగవాడి బొమ్మే కనపడుతుంది. కానీ ప్రతి కులం వెట్టిలో సగానికి పైగా పని ఆడదాని మెడకే చుట్టుకున్నది. గడీలో వడ్లు దంచేది ఆమె, పిండి విసిరేది ఆమె, పేడ తీసి వాకిలి అలికేది ఆమె, దొర ఇంట్లో పురుడొస్తే గుడ్డలు ఉతికేది ఆమె. దొర పొలంలో నాట్లు అయ్యాకనే తన పొలంలో నారు పీకాలె. ఇంతా చేసి ఇంటికి వస్తే అక్కడ ఇంటి చాకిరీ. మగవాడు ఒక్క దొర కింద నలిగితే ఆమె ఇద్దరి కింద నలిగింది.

ఆమె శరీరం మీద కూడా దొరకు హక్కు ఉన్నట్టే నడిచింది. దొర బిడ్డకు పెండ్లి అయితే అత్తగారింటికి ఆవులు, బర్రెలు, బంగారంతో పాటు కొందరు ఆడపిల్లలను పంపేవారు. వాళ్లను ఆడబాప అన్నారు. ఆమెకు పెండ్లి లేదు, ఇల్లు లేదు, కూలి లేదు. కొత్త ఇంట్లో చాకిరీ చేయాలె, ఆ ఇంటి మగవాళ్ల ఇష్టానికి లొంగాలె. పుట్టిన పిల్లలకు తండ్రి పేరు ఉండదు, పని మాత్రం ఉంటుంది. ఆడబాప వ్యవస్థను ఆచారం అంటారు కొందరు. కాదు, కూలి లేకుండా చాకిరీ చేసే మనిషిని తరతరాలుగా పుట్టించుకునే ఏర్పాటు అది.

జోగిని కూడా అంతే. దేవుడికి ఇచ్చి పెండ్లి చేశామన్నారు. ఆ పిల్ల ఎప్పుడూ దళితుల ఇంటి నుంచో, వెనుకబడిన కులాల ఇంటి నుంచో మాత్రమే ఎందుకు వచ్చింది? దేవుడు దొర ఇంటి పిల్లను ఒక్కసారైనా ఎందుకు కోరలేదు? హైదరాబాద్‌లో ఆది హిందూ ఉద్యమం నడిపిన భాగ్యరెడ్డి వర్మ ఈ దురాచారం మీద గొంతెత్తాడు. ఆయన 1939లో చనిపోయాడు. జోగినిగా మార్చడాన్ని నేరం చేస్తూ ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది 1988లో. అర్ధ శతాబ్దం పట్టింది.

గోడకు అటు దొరసాని

ఆడవాళ్లంతా ఒక్కటే, అందరి బాధా ఒక్కటే అని వేదికల మీద తేలికగా అంటాం. గడీ చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. విసునూరు దొర తల్లి జానకమ్మ పేరు చెప్తే ఇప్పటికీ ఆ చుట్టుపక్కల పెద్దవాళ్లు మండిపడతారు. బాలింతలను కూడా పొలం పనికి రప్పించిందని, చంటిపిల్లకు పాలిచ్చి వస్తామంటే నమ్మక పాలు పిండి చూపమన్నదని పోరాట కాలపు జ్ఞాపకాల్లో చెప్పుకుంటారు. ఆడదై ఉండి సాటి ఆడదాన్ని అంత హింస పెట్టిందంటే, ఆమె చేతిలో ఉన్నది ఆడతనం కాదు, దొరతనం.

అయితే ఆ దొరసానులు స్వతంత్రులా? కాదు. గడీ గోడ దాటి వాళ్లు బయటికి రావడానికి లేదు. బండికి తెరలు కట్టాలె. ఎనిమిదేండ్లకో పదేండ్లకో పెండ్లి. భర్త పోతే తల గొరిగించుకోవడం కొన్ని కులాల్లో, మూలన కూర్చోవడం అన్ని పెద్ద కులాల్లో. లక్ష ఎకరాల ఇంట పుట్టినా కొడుకుతో సమానంగా ఎకరం అడిగే హక్కు లేదు. మీదపడి బతికే అధికారం ఉంది, సొంతంగా బతికే ఆధారం లేదు. అందుకే ఆ అధికారాన్ని కింది ఆడవాళ్ల మీద అంత కఠినంగా వాడింది. పితృస్వామ్యం నిలబడేది ఇట్లనే. ఒక ఆడదానికి మరొక ఆడదాని మీద కర్ర ఇస్తుంది, ఇద్దరికీ భూమి ఇయ్యదు.

బడి కోసం కొట్లాట

ఈ చీకట్లో మొదటి దీపాలు చదువు వైపు నుంచి వచ్చాయి. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని ఆవరణలో జరిగిన సంఘసంస్కార సభ ముచ్చట మనకు తెలుసు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలో నుంచి ఆంధ్రజన సంఘం పుట్టింది. మనం అక్కడికి కథ ఆపుతాం. ఆ సభకు అధ్యక్షత వహించింది ఎవరు? పుణేలో స్త్రీల కోసం విశ్వవిద్యాలయం పెట్టిన కార్వే.

ఏడేండ్ల తర్వాత, 1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాద్‌లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అప్పుడు బోధన అంతా ఉర్దూలో. తెలుగులో చదివే ఆడపిల్లల బడికి ఇక్కడ గుర్తింపు దొరకలేదు. చివరికి కార్వే విశ్వవిద్యాలయం గుర్తింపు ఇచ్చింది. ఆలోచించండి, మన గడ్డ మీద మన ఆడపిల్ల మన భాషలో పరీక్ష రాయాలంటే పుణే వైపు చూడాల్సి వచ్చింది. భాష పేర జరిగిన వివక్ష, ఆడపిల్ల అని జరిగిన వివక్ష రెండూ ఆ ఒక్క బడి గుమ్మం దగ్గర కలిశాయి.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. దానితో పాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ జరిగింది. తర్వాతి సభలకు ఎల్లాప్రగడ సీతాకుమారి, నందగిరి ఇందిరాదేవి వంటివారు నాయకత్వం వహించారు. బాల్యవివాహాలు వద్దన్నారు, వితంతువుకు మళ్లీ పెండ్లి కావాలన్నారు, ఆడపిల్లకు బడి కావాలన్నారు. బ్రిటిష్ ఇండియాలో 1929లో బాల్యవివాహాల నిషేధానికి శారదా చట్టం వచ్చింది, అది మన సంస్థానానికి వర్తించలేదు. కాబట్టి వాళ్ల డిమాండు ఎంత అవసరమో ఊహించండి.

ఆ తల్లులకు దండం పెడుతూనే ఒక మాట చెప్పాలె. మహిళా సభల్లో ఎక్కువగా మాట్లాడింది చదువుకున్న ఇండ్ల ఆడవాళ్లు. గడీలో వడ్లు దంచే ఆమె ఆ సభకు రాలేదు. రావడానికి ఆమెకు సెలవు ఎవరిస్తారు? ఆమె గొంతు వినపడాలంటే ఇంకో పదిహేనేండ్లు ఆగాలె. ఆ గొంతు పాలకుర్తిలో వినపడింది.

ఐలమ్మ ఏమడిగింది?

చిట్యాల ఐలమ్మ 1895లో పుట్టింది. చాకలి కులం. ఊరి బట్టలు ఉతికే కుటుంబం మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు తీసుకున్నది. మొగడు, కొడుకులతో కలిసి రెక్కలు ముక్కలు చేసుకొని ఆ భూమిని పండించింది. ఇదే నచ్చలేదు. ఉతికే చెయ్యి దున్నుడేంది? చాకలామె కౌలుదారు అయితే రేపు గడీలో బట్టలు ఎవరు ఉతుకుతారు? పట్వారీ వెట్టికి రమ్మన్నాడు, ఆమె పోలేదు. ఆమె సంగంలో చేరింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్ను పంట మీద పడింది. ఇంటి మగవాళ్ల మీద కేసులు పెట్టారు. కోతకు గూండాలను పంపారు. సంగం కార్యకర్తలు అడ్డం నిలబడి పంట కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. ఆమె ఇంటిని తగలబెట్టినా ఆమె లొంగలేదు. ఆ కొట్లాట రాజుకొని 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగే దాకా పోయింది. అక్కడి నుంచి సాయుధ పోరాటం ఊరూరా అంటుకున్నది.

ఐలమ్మను మనం వీరనారి అంటాం, బొమ్మలు పెడతాం. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు, సంతోషం. కానీ ఆమె అడిగింది బొమ్మ కాదు. నేను దున్నిన భూమి, నేను పండించిన పంట నాది అన్నది. మన చరిత్రలో ఒక కష్టజీవి ఆడమనిషి ఈ మాటను ఊరంతా వినేటట్టు చెప్పి, చెప్పిన మాట మీద నిలబడింది. కులం, భూమి, ఆడతనం, ఈ మూడు ముళ్లూ ఆమె ఒక్క కొట్లాటలోనే తెగాయి. అందులో ఏ ఒక్కటి తీసేసినా ఐలమ్మ మనకు సగమే అర్థమవుతుంది.

దళం నుంచి వంటింటికి

సాయుధ పోరాటంలో స్త్రీలు వేల మంది. ఆరుట్ల కమలాదేవి దళంలో తుపాకీ పట్టింది. మల్లు స్వరాజ్యం పదిహేను పదహారేండ్ల వయసులోనే ఊర్లు తిరిగి జనాన్ని కదిలించింది, రాజక్క పేరుతో దళం నడిపింది. ఆమె తల మీద సర్కారు 10 వేల రూపాయల వెల పెట్టింది. పేరు తెలియని ఆడవాళ్లు కారం పొడి, రోకళ్లు, వడిసెలలతో పోలీసులను ఎదిరించారు. అన్నం మూటలు మోశారు, ఉత్తరాలు చేరవేశారు, గాయాలు కడిగారు. అడవిలో పుట్టిన పసిబిడ్డ ఏడుపు దళానికి ప్రమాదమని మానుకోట వైపు కమలమ్మ తన కొడుకును పరాయివాళ్ల చేతిలో పెట్టి వచ్చింది.

1951 అక్టోబరులో పోరాటం విరమించారు. మగవాళ్లలో కొందరు శాసనసభకు పోయారు, కొందరు పార్టీ పనిలోకి పోయారు. ఆరుట్ల కమలాదేవి 1952లో ఆలేరు నుంచి గెలిచింది. స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి గెలిచింది. కానీ అట్లాంటివారు వేళ్ల మీద లెక్కించేటంత మంది. మిగతావాళ్లను ఇంటికి పొమ్మన్నారు. పెండ్లి చేసుకోండి, సంసారాలు చూసుకోండి అన్నారు. నిన్నటి దాకా తుపాకీ పట్టిన చెయ్యి మళ్లీ తెడ్డు పట్టింది. దొర గడీ కూలింది కానీ ఇంట్లో గడీ కూలలేదు.

ఈ సంగతి మనకు చాలా కాలం తెలియదు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తెచ్చారు. పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గరికి పోయి, కూర్చొని, వాళ్ల నోట చెప్పించుకున్నారు. అంతకు ముందు వచ్చిన పోరాట చరిత్రల్లో ఈ స్త్రీలు సహాయకులుగానే కనపడ్డారు. ముప్పై ఐదేండ్లు ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్లు చెప్పలేదు. చరిత్ర లేకపోవడం వేరు, అడిగేవాళ్లు లేకపోవడం వేరు.

చట్టం వచ్చింది, సంతకం పోయింది

పోరాటం ముగిసినంక భూసంస్కరణల చట్టాలు వచ్చాయి. 1973 భూ గరిష్ఠ పరిమితి చట్టాన్ని చూడండి. కుటుంబాన్ని ఒక యూనిట్‌గా లెక్క గట్టారు. ఇంట్లో మేజరైన కొడుకు ఉంటే ఆ కుటుంబం అదనంగా భూమి ఉంచుకోవచ్చని తర్వాత సవరణ తెచ్చారు. మేజరైన బిడ్డ ఉంటే? ఆ ఊసే లేదు. దొరల భూమిని తగ్గించడానికి తెచ్చిన చట్టం కూడా ఆడపిల్లను మనిషి లెక్కలో వేయలేదు. మన తెలంగాణలో కూతురిని బిడ్డ అంటాం. కొడుకును కొడుకు అంటాం, కూతురు మాత్రం బిడ్డ. ఎంత ప్రేమ ఆ మాటలో! కానీ బిడ్డ అనే ప్రేమ పట్వారీ దస్త్రం దాకా పోలేదు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. తండ్రి స్వార్జితంలో బిడ్డకు వాటా ఇచ్చింది, పిత్రార్జితంలో కొడుకుతో సమానం చేయలేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలుకు వచ్చింది. పెండ్లి కాని బిడ్డకు పుట్టుకతోనే హక్కు అన్నారు. అంతకు ముందే పెండ్లి అయినవారికి లేదన్నారు. 2005లో పార్లమెంటు దేశమంతటికీ సమాన హక్కు ఇచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నా లేకున్నా హక్కు హక్కే అని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

కాగితం మీద అంతా బాగానే ఉంది. మరి ఊర్లో ఏం జరుగుతున్నది? తండ్రి చనిపోతే పదకొండో దినం నాడే అన్నదమ్ములు కాగితం తెస్తారు. "నీకు పెండ్లి చేసినం, పసుపు కుంకుమ పెట్టినం, ఇంకేం కావాలె చెల్లె?" అంటారు. సంతకం పెట్టకపోతే పుట్టినింటి గడప దూరమవుతుంది. బతుకమ్మకు పిలిచేవాళ్లు ఉండరు, కష్టం వస్తే తలదాచుకునే చోటు ఉండదు. భూమి కావాలో తోబుట్టువు కావాలో తేల్చుకోమంటే ఆడబిడ్డ తోబుట్టువునే కోరుకుంటుంది. ఆమె ప్రేమనే ఆమె మీద ఆయుధంగా వాడుతున్నాం. వరకట్నం ఇచ్చాం కదా అనేవాళ్లకు ఒక్క మాట. ఆ కట్నం ఆమె చేతికి రాలేదు, అల్లుడి చేతికి పోయింది. భూమి తోబుట్టువుకు, కట్నం మొగనికి. మధ్యన ఆమె చేతిలో మిగిలింది సంతకం పెట్టిన పెన్ను.

రాష్ట్రం వచ్చింది, సరే

1969 ఉద్యమంలో ఈశ్వరీబాయి, సదాలక్ష్మి ముందు నిలబడ్డారు. ఇద్దరూ దళిత స్త్రీలు. కాంగ్రెస్‌లో మంత్రి పదవి చూసిన సదాలక్ష్మి తెలంగాణ కోసం తన పార్టీని కాదని బయటికి వచ్చింది. మలిదశ మొదలైన రోజుల్లో భువనగిరి కోకిల బెల్లి లలిత పాటతో పల్లెలను లేపింది. 1999లో ఆమెను ముక్కలు ముక్కలుగా నరికి చంపారు. పాడే ఆడమనిషి అంటే అంత భయం.

2009 తర్వాత ఏం జరిగిందో ఈ హాలులో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. మనలో చాలామంది అప్పుడు హాస్టళ్లలో ఉన్నాం. ఉస్మానియాలో, కాకతీయలో ఆడపిల్లలు లాఠీల ముందు నిలబడ్డారు. 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం లేకుండా నిలబడ్డ టీచరమ్మలు, ఆఫీసు ఉద్యోగులు ఎందరో. రోడ్ల మీద బతుకమ్మ ఆడితే జాతీయ రహదారులు ఆగిపోయాయి. కొడుకులను పోగొట్టుకున్న తల్లులు కండ్ల నీళ్లు తుడుచుకొని సభల్లో మాట్లాడారు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మొదటి మంత్రివర్గంలో ఒక్క స్త్రీ లేదు. ఆ శాసనసభ రద్దయ్యే దాకా లేదు. తెలంగాణకు మొదటి మహిళా మంత్రులు వచ్చింది 2019 సెప్టెంబరులో. బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశారు, బతుకమ్మ ఎత్తుకున్న చేతులకు కుర్చీ ఇవ్వడానికి ఐదేండ్లు పట్టింది. 119 మంది ఉన్న సభలో 2018లో గెలిచిన స్త్రీలు ఆరుగురు, 2023లో పది మంది. 2023లో పార్లమెంటు చేసిన మహిళా రిజర్వేషన్ చట్టాన్ని జనగణనతోను, నియోజకవర్గాల పునర్విభజనతోను ముడిపెట్టారు. మనకు పెద్దమనుషుల ఒప్పందం అనుభవం ఉంది. కాగితం మీద ఇచ్చి గడువు చెప్పకపోతే దాని అర్థం ఏమిటో తెలంగాణ వాళ్లకు ఇంకొకరు చెప్పాలా?

కుర్చీ కంటే నాకు భూమి ముచ్చట పెద్దది. 2018లో రైతుబంధు వచ్చింది, రైతుబీమా వచ్చింది. రెండూ పట్టాదారుకే. కలుపు తీసేది, నాటు వేసేది, పత్తి ఏరేది ఆడవాళ్లు. పాసుబుక్కు మొగని పేర. కౌలు భూమి అయితే ఇద్దరి పేరా లేదు. అప్పుల బాధతో మొగడు చనిపోతే ఎక్స్‌గ్రేషియా కోసం ఆమె ఆఫీసుల చుట్టూ తిరగాలె. 2004లో 421 జీవో లక్షన్నర అన్నది, 2015లో 194 జీవో ఆరు లక్షలు అన్నది. కౌలు రైతు భార్యను మొదట అడిగేది పట్టా ఉందా అని. పట్టా లేదు కాబట్టి చనిపోయినవాడు రైతు కాదు, మిగిలినామె రైతు భార్య కాదు. అప్పు మాత్రం ఆమెదే. పహాణీలో ఒకప్పుడు అనుభవదారు కాలమ్ అన్నా ఉండేది. 2020లో ధరణి వచ్చినప్పుడు అది కూడా పోయింది. రైతుబంధు నడిచిన రోజుల్లో ఐలమ్మ బతికి ఉంటే, మల్లంపల్లి దొర భూమిని దున్నే ఆ కౌలుదారుకు ఆ డబ్బు రాకపోయేది. ఆమె బొమ్మకు దండ వేసే చేతులతోనే మనం ఈ రూల్సు రాసుకున్నాం.

మన చేతిలో ఉన్న పని

ఇక్కడ రెవెన్యూ ఉద్యోగులు ఉన్నారు, టీచర్లు ఉన్నారు, విద్యార్థులు ఉన్నారు. మీరు చేయగలిగే పని చెప్పి ముగిస్తాను.

రెవెన్యూలో ఉన్న అన్నలూ, అక్కలూ, విరాసత్ కాగితం మీ టేబుల్ మీదికి వచ్చినప్పుడు చనిపోయినవారికి బిడ్డలు ఎందరు అని అడగండి. హక్కు వదులుకున్నట్టు సంతకం ఉంటే ఆ ఆడబిడ్డను ఒక్కసారి అన్నదమ్ములు లేకుండా పిలిచి, అమ్మా, ఇందులో ఏం రాసి ఉందో తెలుసా అని చదివి వినిపించండి. ఇందుకు కొత్త జీవో అక్కరలేదు, ఐదు నిమిషాలు చాలు.

విద్యార్థి మిత్రులారా, మీ అమ్మమ్మ దగ్గర, నాయనమ్మ దగ్గర కూర్చోండి. గడీలో ఎవరు వడ్లు దంచారు, ఎవరి పొలం ఎవరి పేర మారింది, ఎవరు ఎదురు మాట్లాడారు, అన్నీ రాసుకోండి. ఫోన్లు మీ చేతిలోనే ఉన్నాయి, రికార్డు చేయండి. ఆ తరం మన కండ్ల ముందే వెళ్లిపోతున్నది. 2022 మార్చిలో స్వరాజ్యం వెళ్లిపోయింది. ఆమె మాట పుస్తకంగా అన్నా మిగిలింది, మీ ఊరి ఆడవాళ్ల మాట ఎక్కడ మిగులుతుంది?

ఉద్యమంలో ఉన్న మనందరికీ ఒక డిమాండు. కౌలు రైతుల గుర్తింపుకు 2011లోనే చట్టం ఉంది. దాన్ని అమలు చేయాలని అడుగుదాం. భార్యాభర్తల ఇద్దరి పేరా పాసుబుక్కు ఇయ్యమని అడుగుదాం. సర్కారును అడిగే ముందు మన ఇండ్లలో అడుగుదాం. ఇయ్యాల రాత్రి ఇంటికి పోయినంక బీరువా తెరిచి పాసుబుక్కు బయటికి తీయండి. మొదటి పేజీలో ఎవరి ఫోటో ఉందో చూడండి. పక్కన అమ్మ నిలబడి ఉంటే ఆమె ముఖం కూడా చూడండి.

నీళ్లు, నిధులు, నియామకాలలో మా వాటా మాకు కావాలని కొట్లాడినవాళ్లం మనం. వాటా అడగడం తప్పు కాదని, తోబుట్టువు తనం చెడిపోదని ఢిల్లీకి పోయి చెప్పి వచ్చినవాళ్లం. ఆ మాట మన ఇంటి ఆడబిడ్డ అన్నప్పుడు కూడా న్యాయమే.

జై తెలంగాణ!